మూడో పెట్టెలో ఇసుక

మాద్లి తండ్రి గోడపొయ్యిలు కట్టేవాడు. ఇంటి నడుమ నిలువెత్తున లేచి, పొద్దున ఒక్కసారి కట్టెలు వేస్తే మర్నాటి దాకా ఇల్లంతా వెచ్చగా ఉంచే పొయ్యిలు. ఆయనకు కొడుకులు లేరు. మట్టి తొక్కడానికీ, ఇటుకలు అందించడానికీ, పొయ్యి జంటగోడల మధ్య ఇసుక పోయడానికీ మాద్లే వెంట వెళ్ళేది. "తడి ఇసుక పోస్తే ఆరాక కిందికి దిగిపోద్దే అమ్మీ. పైన బోలు పడుద్ది. బయటికి గోడలాగే కనపడుద్ది, లోపల మాత్రం ఏమీ ఉండదు," అని ఇసుకను రేకు మీద వేయించి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయేదాకా పోయనిచ్చేవాడు కాదు.

ఇరవై రెండో ఏట ఆమె ఎస్తోనియాలోని ఆర్నువెరె స్టేషన్‌లో గూడ్సుబళ్ళకు బ్రేకులు వేసే కుస్తాస్‌ను పెళ్ళాడింది. పెళ్ళాం పరాయి ఇళ్ళలో మట్టి పిసకడం అతనికి నామోషీ. దాంతో ఆ పని మానేసింది. ఒక్క ఆడపిల్ల పుట్టి, మూడేళ్ళకే గొంతు వాచే జబ్బుతో పోయింది. ఆ తర్వాత పిల్లలు లేరు. కుస్తాస్ తాగుబోతు కాదు, చెయ్యి చేసుకునే మనిషీ కాదు. నలుగురూ ఏమంటే అదే అనేవాడు, ఎవరూ ఏమీ అనకపోతే ఊరుకునేవాడు. పదిహేడేళ్ళ కాపురంలో మాద్లికి అదొక లోపమని ఎప్పుడూ తోచలేదు.

1918లో క్రిస్మస్ ముందురోజు రష్యా ఎర్రసేన తాపా జంక్షన్‌ను పట్టుకుంది. ఆర్నువెరెకు అక్కడి ఫిరంగుల చప్పుడు వినిపించేది. ఎస్తోనియాకు సొంత ప్రభుత్వం వచ్చి నెలన్నర కూడా కాలేదు. సైనికుల్లో సగం మందికి బూట్లే లేవు. ఉన్నవల్లా రైలు పట్టాలు, కలప మోసే పెట్టెలు, కలప. పండగ వెళ్ళిన మూడోనాడు లెఫ్టినెంట్ ఓయా అనే ఆయన ఒక ఇంజన్‌తో స్టేషన్‌లో దిగాడు. యుద్ధానికి ముందు లెక్కల మాస్టారు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. పెట్టెల షెడ్డు మేస్త్రి ప్రీదిక్‌ను పిలిచి, తూటాలు ఆపే యుద్ధబండి చెయ్యాలని మూడు పెట్టెలు చూపించాడు.

"వీటికి లోపల ఇంకో పలకగోడ కట్టు. రెండు గోడల మధ్య జానెడు ఎడం ఉండాలి. ఆ ఎడంలో ఇసుక. తుపాకులు పెట్టడానికి తలెత్తులో సందులు వదులు. నాలుగు రోజులు టైము."

"ఇనుప రేకులు లేవా అయ్యా?"

"ఉంటే ఇసుకెందుకు అడుగుతాను?"

ఇసుక పని ఆడవాళ్ళ మీద పడింది. నేల మోకాటి లోతు గడ్డకట్టింది. గునపాలతో పొడిస్తే ఇసుక తలకాయలంత గడ్డలుగా ఊడివచ్చేది. తండ్రి పని తెలిసిన మాద్లి, జమీందారు సారా బట్టీలోంచి పెద్ద పెద్ద ఇనుప మూకుళ్ళు మోయించుకొచ్చి, షెడ్డు వెనక బర్చ్ చెట్ల కట్టెల మంటల మీద పెట్టించింది. గడ్డలు కరిగి, ఆవిర్లు కక్కి, చివరికి బూడిదరంగులో పొడిపొడిగా మారేదాకా పారలతో తిప్పడం. చలికి వీపులు బిగుసుకుపోయేవి, మంటకు మొహాలు కమిలిపోయేవి. అటుగా వెళ్ళే సైనికులు ఊరుకుంటారా?

"ఏం వేయిస్తున్నావత్తా, బఠాణీలా?" అని అడిగాడు పాలబండి తోలే ఎల్మార్. ఇరవైనాలుగేళ్ళవాడు. మూడిళ్ళ అవతల ఉండే విధవరాలు మారెత్‌కు ఒక్కడే కొడుకు. అప్పుడే సైన్యంలో పేరు రాయించుకొచ్చాడు.

"ఎర్రోళ్ళకి విందురా! పళ్ళు గట్టిగా ఉన్నోడెవడో తింటాడు," అంది మాద్లి. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు.

మొదటి రెండు పెట్టెలూ అలా నిండాయి. గోడ మీద గుద్దితే రాతి మీద గుద్దినట్టుండేది. నాలుగో రోజు మధ్యాహ్నానికి మూడో పెట్టె పావు వంతు కూడా నిండలేదు. లెఫ్టినెంట్ వచ్చి, తెల్లారగానే బండి కదలాలని చెప్పిపోయాడు. అతను అటు వెళ్ళాడో లేదో, ప్రీదిక్ మనుషుల్ని పురమాయించాడు. ఇసుక గొయ్యిలోంచి తెచ్చిన గడ్డల్ని తెచ్చినట్టే గోడల మధ్య పడేసి, పైన పలక కొట్టేయమన్నాడు.

మాద్లి పార పక్కన పడేసి వచ్చింది. "మేస్త్రీ, అది ఇసుక కాదు, మంచు. లోపల కుంపటి వెలిగిస్తే కరిగి కిందికి దిగిపోద్ది. బండి కుదుపులకి ఇంకా దిగుద్ది. తలకాయలుండే ఎత్తులో బోలు పడుద్ది."

"పొయ్యిలు కట్టేవాడి కూతురివి, పొయ్యిల సంగతి చూసుకో."

"రేపు మధ్యాహ్నానికి ఒప్పచెబుతానని ఆయనకి చెప్పలేవా?"

"చెబితే నన్ను గోడకి నిలబెట్టి కాలుస్తాడు. నీకేం, పెట్టెలో కూర్చునేది నువ్వా నేనా?" అని ప్రీదిక్ మేకులు నోట్లో పెట్టుకుని నిచ్చెన ఎక్కేశాడు.

ఆమె నేరుగా స్టేషన్ మాస్టర్ గదికి వెళ్ళింది. లెఫ్టినెంట్ మ్యాపు ముందు కూర్చుని ఉప్పుచేప తింటున్నాడు. చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. లేచి వచ్చి పెట్టె గోడ పలకల సందులో బాయినెట్టు దూర్చి చూశాడు. మొన మంచుగడ్డకు తగిలి కర్రుమంది. ఆమె అబద్ధం చెప్పడం లేదని అతనికి అర్థమైంది.

"ఎంత దిగుతుంది?"

"మూరెడు. ఇంకా ఎక్కువే దిగొచ్చు."

చేతి రుమాలుతో బాయినెట్టు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "అడవిలో మూడొందల మంది ఈ బండి కోసం చూస్తున్నారమ్మా. రేపు పొద్దున ఇది వెళ్ళకపోతే వాళ్ళలో ఎంతమంది మిగులుతారో నాకు లెక్క తెలుసు. గోడ బోలు అని తెలిస్తే ఈ పెట్టెలో ఒక్కడూ ఎక్కడు. అందుకని ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి. ఒక్క మాట బయటికొచ్చినా, సైన్యాన్ని బెదరగొట్టిన దానివని నేనే నిన్ను కాల్పించాల్సొస్తుంది. అర్థమైందా?"

మొదట "మీకూ" అన్నవాడు చివరికొచ్చేసరికి "నిన్ను" అన్నాడు. మాద్లి తలూపింది.

తెల్లారి ప్లాట్‌ఫారం మీద పేర్లు పిలిచారు, రైల్వేవాళ్ళనూ సైన్యంలో కలిపి. కుస్తాస్ పేరు మూడో పెట్టెకు వచ్చింది. ఎల్మార్‌దీ అదే పెట్టె. ఆడవాళ్ళు రై గింజల రొట్టె ముక్కలు, ఉడికించిన బంగాళాదుంపలు పంచుతున్నారు. మాద్లి మొగుణ్ణి బొగ్గుల కుప్ప చాటుకు లాగింది.

"నిలబడొద్దు. గోడ పైభాగం బోలు పడుద్ది. కూర్చుంటేనే అడ్డం ఉంటుంది. సందు దగ్గర నీ వంతొస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకో."

అతని మొహం పాలిపోయింది. "ఎవరికైనా చెప్పావా?"

"చెబితే కాల్చేస్తానన్నాడు లెఫ్టినెంట్."

"అయితే చెప్పకు," అన్నాడు కుస్తాస్ వెంటనే. "చెప్పావంటే మొగుడిగా నన్నూ నిలబెడతారు. ఎవరికీ చెప్పకు."

తిరిగి వచ్చి ఆమె రొట్టె పంచింది. ఎల్మార్ రెండు ముక్కలు తీసుకుని ఒకటి చంకలో దాచుకున్నాడు. "నీ గోడకి ఆనుకుని పడుకుంటే వెచ్చగా ఉంటదంట కదత్తా! మా అమ్మకి చెప్పు, నాకు దుప్పటి కూడా అక్కర్లేదని," అన్నాడు. మాద్లి నోరు తెరిచింది. లెఫ్టినెంట్ ఇంజన్ మెట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. "చెబుతాలే. తిను," అంది.

మర్నాడు మధ్యాహ్నం బండి తిరిగొచ్చింది. మొదటి రెండు పెట్టెల్లోంచి మనుషులు పాడుకుంటూ దిగారు. మూడో పెట్టె తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. ఆఖరికి ముగ్గుర్ని దుప్పట్లలో దించారు. ముగ్గురికీ దెబ్బ కంటికీ మెడకూ మధ్యే. ఎల్మార్ చంకలో రొట్టె ముక్క అలాగే ఉంది. మారెత్ మంచులో మోకాళ్ళ మీద కూలబడి, కొడుకు మొహానికున్న గుడ్డ తియ్యబోయింది. తియ్యనివ్వలేదు. తియ్యడానికి అక్కడ మొహం లేదు.

కుస్తాస్‌కు చిన్న గీత కూడా పడలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. బంగాళాదుంపలు, ఉప్పుచేప పెట్టింది. నాలుగు దుంపలు తిన్నాక చెప్పాడు.

"కుంపటి వెలిగించిన గంటకే గోడలోంచి గరగరమని చప్పుడు. ఎలకలన్నారు వాళ్ళు. నాకు తెలుసుగా ఏంటో."

"తర్వాత?"

"నా వంతొచ్చింది. కడుపులో నొప్పన్నాను. నువ్వే కదా ఏదో ఒకటి చెప్పమన్నావు? ఎల్మార్ గాడు 'నువ్వు కూర్చో మావా' అని లేచాడు." అయిదో దుంప తొక్క తీశాడు. "లేచి బహుశా పది నిమిషాలు నిలబడుంటాడు."

అతను ఉప్పు అడిగాడు. మాద్లి అందించింది.

ఆ తర్వాత రోజు బండి సిబ్బంది పెట్టె చుట్టూ మూగారు. ఒకడు తుపాకి మడమతో గోడ మీద కొట్టుకుంటూ వెళ్ళాడు. కింద దబ్బుమంది, పైన డోలులా మోగింది. పలక పీకి చూస్తే గుండె ఎత్తు దాకా తడి ఇసుక, ఆ పైన చీకటి. తూటాల కంతల్లోంచి కారిన ఇసుక నేల మీద నెత్తుటితో ఎర్రగా గడ్డకట్టి ఉంది. ప్రీదిక్ కోసం కేకలేశారు. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"పలకల పని నాది. పలకలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసుకోండి. ఇసుక ఆడవాళ్ళ పని. వాళ్ళ మీద పెత్తనం ఇదిగో, ఈవిడది."

"నేను చెప్పలేదా నీకు?" మాద్లి గొంతు కీచుమంది. "మంచుగడ్డలు పోయించింది నువ్వు! లెఫ్టినెంట్ గారూ, నేనొచ్చి చెప్పలేదా? మీరు బాయినెట్టు పెట్టి చూడలేదా?"

లెఫ్టినెంట్ చాలాసేపు దగ్గాడు. "నాతో చాలామంది చాలా చెబుతుంటారు," అన్నాడు. "నాకు గుర్తులేదు."

మాద్లి గుంపులో మొగుడి కోసం వెతికింది. అతను రెండో వరసలోనే ఉన్నాడు. ఆమె ముందే హెచ్చరించిందని చెప్పగలిగినవాడు ఇక లోకంలో అతనొక్కడే. ఆ మాట చెబితే, తెలిసి ఎల్మార్‌ను ఎందుకు నిలబెట్టావని అతన్నే అడుగుతారు.

"కుస్తాస్," అంది ఆమె. "చెప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. కుస్తాస్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "నాకేం తెలుసు, నేను బ్రేకులవాణ్ణి," అన్నాడు.

అప్పుడు మారెత్ ముందుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. వంగి నేల మీది ఎర్ర ఇసుకను గోళ్ళతో గీరి గుప్పిట నింపుకుంది. ఎడంచేత్తో మాద్లి దవడలు పట్టుకుంది. ఇద్దరు సైనికులు మాద్లి చేతులు వెనక్కి విరిచిపట్టారు.

"పళ్ళు గట్టిగా ఉన్నోడు తింటాడన్నావంటగా. తిను."

మాద్లి నోరు బిగించింది. మారెత్ ముక్కు మూసింది. ఊపిరి కోసం నోరు తెరవగానే కుక్కింది. మళ్ళీ వంగి ఇంకో గుప్పెడు గీరింది. చుట్టూ ఉన్న యాభై మందిలో ఎవరూ వద్దనలేదు. మొన్నటి దాకా మూకుళ్ళ దగ్గర కలిసి నవ్విన ఆడవాళ్ళు కూడా అనలేదు. ఆమెను వదిలేస్తే నింద తమ దాకా వస్తుందని వాళ్ళ భయం.

మూడో గుప్పెడు దగ్గర లెఫ్టినెంట్ చెయ్యెత్తాడు. "చాలు. ఈవిడ పోసిన గోడ వెనకాల ఈవిడే ప్రయాణం చేస్తుంది. మూడో పెట్టెలో. ఇసుక దిగినప్పుడల్లా నింపుతుంది." అది శిక్షో, ఆ గుంపు చేతుల్లోంచి తప్పించడమో, తన బండి గోడ బాగుచేయించుకోవడమో ఎవరికీ తెలియదు. బహుశా మూడూనేమో. కుస్తాస్‌ను ఆ సాయంత్రమే వంట పెట్టెకు మార్చారు. అతనే అడిగి మార్పించుకున్నాడు.

మాద్లి పదకొండు రోజులు ఆ పెట్టెలో తిరిగింది. గోడ పైపలక ఊడదీసి, వేయించిన ఇసుక బస్తాలోంచి చేటతో తీసి పోసేది. పొడుగాటి కర్రతో కూరేది. ఎంత పోసినా కింద మంచు కరిగి మళ్ళీ బెత్తెడు దిగేది. సిబ్బందిలో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అడ్డం వస్తే కాలితో పక్కకు తోసేవారు. తినడానికి వాళ్ళు మిగిల్చిన గంజి. కుంపటి దగ్గరికి రానిచ్చేవారు కాదు. తూటాలు తగిలినప్పుడు గోడ మెత్తగా ధబ్బుమనేది, కంతలోంచి ఇసుక సన్నటి ధారగా కారేది. అందులో గుడ్డపేలిక దోపి పైనుంచి మళ్ళీ పోసేది. తల సందుకంటే ఎత్తులో పెట్టాల్సిన పని అది. మొదటి రెండు రోజులూ ఆమె తూటా తగలాలనే కోరుకుంది. మూడోరోజు నుంచి ఆ కోరిక కూడా ఉండేది కాదు, ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు.

తాపా తిరిగి చేతికొచ్చింది. అక్కడ పట్టుబడ్డ ఎర్ర సైనికుల్ని అయిదుగుర్ని బండి పక్కనే వరసగా నిలబెట్టి కాల్చారు. వాళ్ళూ ఆమె భాషే మాట్లాడారు. ఒకడు చివర్లో పొగాకు అడిగాడు, ఇవ్వలేదు. ఆ తూటాల్లో కొన్ని మనుషుల్లోంచి దూసుకొచ్చి మూడో పెట్టె గోడకు తగిలాయి. లోపలికి రాలేదు. మిషన్‌గన్ వాడు గోడ తట్టి చూసి, "ఇక్కడ కొంచెం తగ్గింది, ఇంకాస్త ఇసుక పొయ్యి," అన్నాడు. పదకొండు రోజుల్లో ఆమెతో అన్న మాట అదొక్కటే. ఆ పెట్టెలో మళ్ళీ ఎవరూ చావలేదు. తర్వాత ఎక్కడినుంచో ఇనుపరేకులు వచ్చాయి, ఆమెను దింపేశారు. అప్పటికి ఎడంచేతి రెండు వేళ్ళు మంచుకు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో తీసేశారు.

ఇంటికి వెళ్ళలేదు. తండ్రి పాత గుడిసెకు వెళ్ళి, ఆయన తాపీ, మట్టి తొట్టి వెతికి తీసింది. కుస్తాస్ ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జరిగిందేదో జరిగింది, రా. నేనేం చేశాను? నువ్వు చెప్పినట్టే చేశాను కదా?"

"అవును. నేను చెప్పినట్టే చేశావు," అంది. తలుపు వేసుకుంది.

యుద్ధం అయిపోయింది. కుస్తాస్‌కు పతకం, జమీందారు పొలంలోంచి ఇరవై ఎకరాలు వచ్చాయి. వేరే మనిషిని చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ప్రీదిక్ ఊరి పెద్దల్లో ఒకడయ్యాడు. లెఫ్టినెంట్ దగ్గుతోనే పోయాడు. మాద్లి ఎనిమిది వేళ్ళతో పొయ్యిలు కట్టింది. ఆర్నువెరెలో ఆమెను పనికి పిలిచేవాళ్ళు కాదు, చుట్టుపక్కల ఊళ్ళకు పోయేది. ఊళ్ళో ఆమె పేరు ఇసుక మాద్లి. ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర మారెత్ ఆమె అడుగుల ముందు ఉమ్మేది. మాద్లి ఆగి, మారెత్ ఉమ్మడం అయ్యాకే ముందుకు నడిచేది.

పన్నెండేళ్ళకు స్టేషన్ పక్కన రాయి పాతారు. దాని మీద ఆ పెట్టెలో పోయిన ముగ్గురి పేర్లు. పతకం పెట్టుకుని వచ్చిన కుస్తాస్‌ను మాట్లాడమన్నారు. మొదట తడబడ్డాడు, తర్వాత జోరందుకున్నాడు. "ఎల్మార్ తనంతట తనే లేచాడు. 'నువ్వు పెళ్ళాం ఉన్నవాడివి మావా, కూర్చో, నేను నిలబడతా' అన్నాడు. 'నాకేమైనా అయితే భయపడకుండా నిలబడ్డానని మా అమ్మకి చెప్పు' అన్నాడు." మారెత్ భోరున ఏడ్చి, అందరి ముందూ వంగి కుస్తాస్ చెయ్యి ముద్దు పెట్టుకుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే మాద్లి మారెత్ తలుపు తట్టింది. కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పింది. గడ్డల సంగతి, బాయినెట్టు సంగతి, బొగ్గుల కుప్ప చాటున మొగుడితో అన్న మాట, కడుపునొప్పి. "ఇసుక పని పాడు చేసింది నేను కాదు. కానీ నాకు తెలుసు. రొట్టె ఇచ్చేటప్పుడు వాడు నా ముందే నిలబడ్డాడు. చెప్పలేదు. నా మొగుడొక్కడికే చెప్పాను."

మారెత్ ఒళ్ళో అల్లిక అలాగే పెట్టుకుని వింది. అరవై ఏళ్ళు దాటిన ముసలామె. సూదులు పక్కన పెట్టి అడిగింది.

"అమ్మకి చెప్పమన్న మాట... అదీ అబద్ధమేనా?"

"నేనక్కడ లేను. నాకు కుస్తాస్ చెప్పింది 'కూర్చో మావా' అన్న మాటొక్కటే."

"నువ్వక్కడ లేవుగా."

"లేను."

"మరి నీకేం తెలుసు?" మారెత్ సూదులు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "వాడు నిన్న మూడొందల మంది ముందు చెప్పాడు. పన్నెండేళ్ళలో నా కొడుకు నాతో అన్న మాట అదొక్కటే. నువ్వొచ్చి అది కూడా తీసుకుపోదామనుకుంటున్నావు. నీ మనసు తేలిక చేసుకోడానికి."

"నిజం చెప్పాలని వచ్చాను, వదినా."

"ఆ రోజు చెప్పాల్సింది నాకు కాదు, వాడికి," అంది మారెత్. "పో. ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావని వింటే, ఈసారి ఇసుకతో వదలను."

మాద్లి మెట్లు దిగి, బండిలో మట్టి తొట్టి సర్దుకుని, ఆ రోజు ఒప్పుకున్న పనికి పక్క ఊరు వెళ్ళింది. అప్పటినుంచి కుస్తాస్ ఏటా క్రిస్మస్‌కు మారెత్ ఇంటికి వెన్నముద్ద, పంది నెత్తురుతో చేసిన సాసేజిలు తెచ్చి ఇచ్చేవాడు. ఆమె అతన్ని బల్ల తలాపున కూర్చోబెట్టి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకునేది. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త పొడుగయ్యేదట. చర్చి మెట్ల దగ్గర ఉమ్మడం మాత్రం మారెత్ మానలేదు. ఆమె చనిపోయేదాకా, ఇంకో ఏడేళ్ళు, ప్రతి ఆదివారం మాద్లి ఆ మెట్ల దగ్గర ఆగుతూనే ఉంది.